వేడిగా ఉండగానే చూడాలి: జిర్కోనియా ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

కాగితం మీద ప్రాజెక్టు పేరు చాలా పొడుగు. చేసే పని మాత్రం చిన్నది. తెల్లటి జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) పొడిని సన్నటి ప్లాటినం పట్టీ మీద పరచాలి. పట్టీలో కరెంటు పంపి 1400 డిగ్రీల దాకా వేడెక్కించాలి. ఆ వేడిలోనే పొడి మీద ఎక్స్‌రేలు పడేలా చేసి, లోపల పరమాణువుల అమరిక ఎప్పుడు, ఎలా మారుతోందో చూడాలి. ఈ డైరీలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే, కోణాలు తప్ప.

కొలిమిలో కాల్చి, చల్లార్చి, తర్వాత తీరిగ్గా పరమాణువుల అమరికను చూపే ఎక్స్‌రే గ్రాఫు, అంటే ఎక్స్‌ఆర్‌డీ తీస్తే సరిపోదా అని మా జూనియర్ అడిగాడు. ఉక్కుకైతే కొంతవరకు సరిపోతుంది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే వేడిలో ఏం జరిగిందో దాని ఆనవాళ్లు లోపల మిగులుతాయి. శుద్ధ జిర్కోనియా అలా దొరకదు. మామూలు ఉష్ణోగ్రతలో అది మోనోక్లినిక్ (ఇదీ, తర్వాత వచ్చే టెట్రాగోనల్, క్యూబిక్ అనేవీ స్ఫటికంలో పరమాణువుల అమరికల పేర్లు). దాదాపు 1170 దగ్గర టెట్రాగోనల్ అవుతుంది, 2370 దగ్గర క్యూబిక్, 2700 దాటాక కరుగుతుంది. చల్లారేటప్పుడు మళ్లీ మోనోక్లినిక్‌కు వచ్చేస్తుంది. ఎంత వేగంగా చల్లార్చినా ఆగదు. అందుకని కాల్చకముందు తీసిన గ్రాఫూ, కాల్చి చల్లార్చాక తీసిన గ్రాఫూ పక్కపక్కన పెడితే ఏమీ జరగలేదనే అనిపిస్తుంది. మధ్యలో పదార్థం నిర్మాణం పూర్తిగా మారి, తిరిగి వెనక్కి వచ్చిందని ఆ గ్రాఫులు చెప్పవు.

1929లోనే జర్మనీలో రఫ్, ఎబర్ట్ అనే ఇద్దరు ఈ టెట్రాగోనల్ రూపాన్ని వేడి మీదే ఎక్స్‌రేలతో పట్టుకున్నారు. అప్పటి పరికరాలతో అది ఎలా సాధ్యపడిందో తల్చుకుంటే, ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, మిషన్‌ను చల్లబరిచే చిల్లర్ చప్పుడు ఎక్కువైందని సణుక్కునే మాకు కాస్త సిగ్గేయాలి.

జూన్, శాంపిళ్ల సంగతి

రెండు రకాల శాంపిళ్లు తీసుకున్నాం. ఒకటి మార్కెట్లో కొన్న శుద్ధ జిర్కోనియా పొడి. శుద్ధం అన్నా అందులో ఒకటి రెండు శాతం హాఫ్నియా (హాఫ్నియం ఆక్సైడ్) ఉంటుంది. ఈ రెండూ ప్రకృతిలో కలిసే దొరుకుతాయి, రసాయనికంగా దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి, విడదీయడం ఖర్చుతో కూడిన పని. మా పనికి అది అడ్డం కాదు. అణు రియాక్టర్ల వాళ్లకు మాత్రం తప్పకుండా విడదీయాల్సిందే, ఎందుకంటే హాఫ్నియం న్యూట్రాన్లను మింగేస్తుంది. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కాన్ ఇసుక నుంచి ఇంధన గొట్టాలకు కావలసిన జిర్కోనియం తయారుచేసే క్రమంలో ఇదొక ముఖ్యమైన దశ. దానికి ముడిసరుకైన జిర్కాన్ మన భీమునిపట్నం, కళింగపట్నం వైపు సముద్రపు ఒడ్డున ఉండే నల్ల ఇసుకలో కూడా ఉంది, ఇల్మనైట్, గార్నెట్, సిలిమనైట్‌లతో కలిసి. చిన్నప్పుడు ఆ ఇసుకలో కాళ్లు కాల్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. అప్పట్లో దాన్ని ఇనుపరజను అనే అనుకునేవాళ్లం.

రెండోది పళ్ల ల్యాబ్ నుంచి తెచ్చిన తునకలు. ఈ మధ్య పంటికి వేసే తెల్లటి క్యాపుల్లో చాలావరకు జిర్కోనియావే. గుండ్రటి బిళ్ల నుంచి మిషన్ మీద క్యాపులు కోశాక అంచుల్లో చాలా మిగిలిపోతుంది, అదంతా చెత్తబుట్టలోకే పోతుంది. అడిగితే ఒక సంచెడు ఇచ్చారు. ఈ దశలో బిళ్ల సగమే కాలి ఉంటుంది, సుద్దముక్కలా బ్లేడుతో కోసుకోవచ్చు. తర్వాత 1500 దగ్గర పూర్తిగా కాలిస్తే పొడవులో ఐదో వంతుకు పైగా కుంచించుకుపోయి, వజ్రపు పనిముట్లతో అరగదీయాల్సినంత గట్టిపడుతుంది. ఇందులో మూడు మోల్ శాతం (బరువులో కాదు, అణువుల లెక్కలో) యిట్రియా, అంటే యిట్రియం ఆక్సైడ్, కలిపి ఉంటుంది. ఆ యిట్రియా వల్ల ఏమవుతుందో తర్వాత రాస్తాను.

జూన్ చివర, ఉష్ణోగ్రత అంటే ఎవరి ఉష్ణోగ్రత?

అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు దీనికే పోయాయి, అలా పోవడమే న్యాయం కూడా.

మా మిషన్‌లో ప్లాటినం పట్టీ కింద థర్మోకపుల్, అంటే ఉష్ణోగ్రత కొలిచే తీగ, వెల్డ్ చేసి ఉంటుంది. స్క్రీన్ మీద కనిపించే అంకె దానిది. పొడి పట్టీ పైన ఉంటుంది, ఎక్స్‌రేలు తగిలేది ఆ పొడి పైపొరకు. పైపొర చుట్టూ ఉన్న గాలికి, చల్లటి గోడలకు వేడిని పోగొట్టుకుంటూ ఉంటుంది. పైగా పొడి మంచి ఉష్ణవాహకం కూడా కాదు. మొదటిరోజే టెక్నీషియన్ అన్న తేల్చి చెప్పేశాడు: "తమ్ముడూ, ఆ అంకె తీగది. నీ పొడి సంగతి నువ్వే చూస్కోవాలె."

చూసుకోవడానికి రెండు దారులు. ఒకటి, నిర్మాణం మారే ఉష్ణోగ్రత కచ్చితంగా తెలిసిన పదార్థాన్ని పట్టీ మీద వేసి చూడటం. క్వార్ట్జ్ 573 దగ్గర ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుంది. కుండల బట్టీలు నడిపేవాళ్లకు కూడా ఈ అంకె పరిచయమే. క్వార్ట్జ్ పొడిని పలచగా పరిచి చూస్తే, స్క్రీన్ మీది అంకె 573 దాటాక కొంతసేపటికి గానీ మార్పు కనబడలేదు. పొర మందంగా వేసినప్పుడు తేడా ఇంకా పెరిగింది.

రెండో దారి మాకు ఎక్కువగా పనికొచ్చింది. జిర్కోనియాలోనే కొంచెం కొరండం, అంటే అల్యూమినా పొడి కలిపాం. వేడికి అది ఎంత వ్యాకోచిస్తుందో పట్టికల్లో ఉంది. మా ఉష్ణోగ్రతల్లో జిర్కోనియాతో దానికి ఏ చర్యా జరగదు. దాని పీక్‌లు (ఎక్స్‌రేలు బలంగా తిరిగివచ్చే కోణాల దగ్గర గ్రాఫులో లేచే శిఖరాలు) 25.6, 43.3 డిగ్రీల కోణాల దగ్గర విడిగా కనబడతాయి, జిర్కోనియా పీక్‌లతో కలవవు. వేడెక్కేకొద్దీ అవి ఎంత జరిగాయో కొలిస్తే, ఆ పైపొర నిజంగా ఎంత వేడిగా ఉందో వెనక్కి లెక్కకట్టొచ్చు. పట్టీ వేడికి కొద్దిగా వంగి శాంపిల్ ఎత్తు మారుతుంది, దానివల్ల కూడా పీక్‌లు జరుగుతాయి. రెండు పీక్‌లను కలిపి లెక్క వేస్తే ఆ భాగాన్ని విడదీయొచ్చు, ఎందుకంటే ఎత్తు వల్ల వచ్చే జరుగుడూ వ్యాకోచం వల్ల వచ్చే జరుగుడూ కోణంతో పాటు వేరువేరు తీరులో మారతాయి.

లెక్క తేలాక చూస్తే 1200 దగ్గర తీగ అంకెకూ పొడికీ పదుల డిగ్రీల తేడా ఉంది. ఈ సవరణ లేకుండా "జిర్కోనియా మార్పు ఉష్ణోగ్రత ఇంత" అని రాసే గ్రాఫుల మీద ఇప్పుడు నాకు పెద్దగా నమ్మకం లేదు.

పొడి పరచడం గురించి ఒక మాట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి డ్రాపర్‌తో చుక్కలు వేసి ఆరనిస్తే పొర పలచగా, సమంగా వస్తుంది. చెంచాతో చల్లితే రాదు. ఇంకోటి, చాంబర్‌లో గాలి ఉండనివ్వాలి. వాక్యూమ్‌లో అంత వేడి చేస్తే జిర్కోనియా ఆక్సిజన్ పోగొట్టుకుని నల్లబడుతుంది, బయటపడ్డ జిర్కోనియం ప్లాటినంతో కలిసి పట్టీనే పాడుచేస్తుంది. ఆ పట్టీ ఖరీదు విన్నవాళ్లెవరూ ఈ ప్రయోగం చేయరు.

జూలై, మొదటి వేడి గ్రాఫులు

27 నుంచి 33 డిగ్రీల కోణం మధ్యనే స్కాన్ చేస్తున్నాం. కథంతా అక్కడే ఉంది. మోనోక్లినిక్‌కు 28.2 దగ్గర ఒకటి, 31.5 దగ్గర ఒకటి, రెండు పీక్‌లు. టెట్రాగోనల్‌కు ఆ రెండిటి మధ్యలో, 30.2 దగ్గర ఒకే పెద్ద పీక్. ఇవి గది ఉష్ణోగ్రత అంకెలు. వేడికి అన్నీ కొంచెం ఎడమకు జరుగుతాయి, 1200 దగ్గర టెట్రాగోనల్ పీక్ 29.8 దగ్గర ఉంటుంది.

1000 దాకా పెద్ద విశేషం లేదు అనుకుంటాం కానీ ఒకటి ఉంది. మోనోక్లినిక్ స్ఫటికం మూడు దిశల్లో ఒకేలా పెరగదు. బీ అక్షం దిశలో దాదాపు వ్యాకోచమే లేదు, మిగతా రెండు దిశల్లో బాగా ఉంది. అందుకే కొన్ని పీక్‌లు గబగబా జరిగితే కొన్ని ఉన్నచోటే కూర్చుంటాయి. సిరామిక్‌లో లక్షల రేణువులు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరిగి అతుక్కుని ఉంటాయి. పక్కపక్క రేణువులు వేరువేరు కొలతల్లో సాగితే మధ్యలో ఒత్తిడి పుడుతుంది. అంటే అసలు మార్పు రాకముందే ముక్క లోపల బిగువు మొదలైపోయిందన్నమాట.

1100 దాటాక కొంతదూరానికి రెండు పీక్‌ల మధ్య ఖాళీలో చిన్న గుబ్బ లేచింది. తర్వాత పది పది డిగ్రీల చొప్పున పెంచుతూ పోయాం. మధ్యది ఎదుగుతోంది, పక్కవి రెండూ కుంగుతున్నాయి. 1200 దాటేసరికి పక్కవి మాయం. మోనోక్లినిక్‌లో ఒక్కో జిర్కోనియం పరమాణువు చుట్టూ ఏడు ఆక్సిజన్లుంటాయి, టెట్రాగోనల్‌లో ఎనిమిది. ఆ ఎనిమిదో ఆక్సిజన్ సర్దుబాటే తెరమీద మూడు గుబ్బల ఆటగా కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణం అదే దారిలో జరగలేదు. 1170కి దిగినా కదలిక లేదు. 1100కి దిగినా టెట్రాగోనల్ అలాగే ఉంది. 1050 దరిదాపుల్లో పక్క పీక్‌లు తొంగిచూశాయి, 950కి వచ్చేసరికి పని దాదాపు ముగిసింది. వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ ఉన్న ఈ ఎడాన్నే హిస్టెరిసిస్ అంటారు. పుస్తకంలో చదివిందే, అయినా గ్రాఫు మీద గ్రాఫు పేరుస్తుంటే ఆ ఎడం మన చేతిలో తయారవడం వేరే సంగతి.

ఏ రూపం ఎంత ఉందో లెక్కకు 1972 నాటి గార్వీ–నికల్సన్ సూత్రం వాడుతున్నాం, దానికి టొరాయా చేసిన సవరణతో. పీక్‌ల ఎత్తులు కాదు, వైశాల్యాలు తీసుకోవాలి. పీక్‌ల వెడల్పు మారుతూ ఉంటుంది కాబట్టి ఎత్తు మోసం చేస్తుంది.

జూలై నడుమ, కరెంటు పోయిన సాయంత్రం

వాన. శాంపిల్ 1300 దగ్గర ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ కంప్యూటర్‌ను నిలబెట్టింది గానీ చిల్లర్ ఆగింది, చిల్లర్ ఆగగానే సేఫ్టీ పనిచేసి పట్టీకి వెళ్లే కరెంటును కట్ చేసింది. పలచటి పట్టీ, పలచటి పొర. కొన్ని సెకన్లలో ఎరుపు పోయి నల్లబడింది. మేడం వచ్చి, "సరే, ఎలాగూ పాడైంది, కరెంటు వచ్చాక చల్లటి స్కాన్ ఒకటి తీసి ఉంచండి" అన్నారు.

తీశాం. పూర్తిగా మోనోక్లినిక్. టెట్రాగోనల్ జాడే లేదు. అంత వేగంగా చల్లారినా ఈ పొడిలో వేడిరూపం నిలవలేదు. మేమై మేం ప్లాన్ చేసి ఉంటే ఇంత శుభ్రంగా చేసేవాళ్లం కాదేమో. థీసిస్‌లో ఈ స్కాన్ ఉంటుంది, కరెంటు సంగతితో సహా.

దీనికి జతగా ఇంకోటి చేశాం. చల్లారుస్తూ సగం మారిన చోట ఉష్ణోగ్రతను ఆపేసి, చాలాసేపు అక్కడే ఉంచి, వరసగా స్కాన్లు తీశాం. వేచి ఉన్నంత మాత్రాన మార్పు ముందుకు పోలేదు. ఇంకో పది డిగ్రీలు దించితే పోయింది. అంటే ఇక్కడ మార్పును నడిపేది ప్రధానంగా సమయం కాదు, ఉష్ణోగ్రత. పరమాణువులు ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ దూరం నడిచి కొత్త చోటు చేరే మార్పు అయితే సమయం ఇచ్చేకొద్దీ సాగాలి. ఇది అలాంటిది కాదు. పరమాణువులన్నీ పొరుగును వదలకుండా ఒక్కసారిగా పక్కకు ఒరుగుతాయి. ఉక్కును గట్టిపరిచే మార్టెన్‌సైట్ కూడా ఇదే తీరు, అందుకే దీన్ని మార్టెన్‌సైటిక్ మార్పు అంటారు.

ఆగస్టు, పగుళ్ల లెక్క

పొడి సంగతి తేలింది, ఇక గట్టి ముక్క. పొడిని డైలో నొక్కి, కొద్దిగా కాల్చి, డైలటోమీటర్‌లో పెట్టాం. అల్యూమినా కడ్డీ ఒకటి శాంపిల్ చివర ఆని ఉండి, పొడవు ఎంత మారిందో చెబుతుంది. వేడెక్కేటప్పుడు వచ్చే గీతను పెద్దగా నమ్మడానికి లేదు. నిర్మాణం మారడం వల్ల కుంచించుకోవడమూ, రేణువులు అతుక్కుంటూ సాంద్రత పెరగడం వల్ల కుంచించుకోవడమూ ఒకే చోట కలిసిపోతాయి. దిగేటప్పుడు రెండోది ఆగిపోయి ఉంటుంది కాబట్టి ఆ గీత స్వచ్ఛం. 1050 దాకా నిదానంగా పొట్టిదవుతూ వచ్చిన ముక్క అక్కడి నుంచి ఉన్నట్టుండి పొడుగైంది. చల్లారుతున్న వస్తువు పెరగడం!

ఈ మార్పులో ఘనపరిమాణం నాలుగైదు శాతం పెరుగుతుందని అందరూ రాస్తారు. ఆ అంకె చిన్నదిగా వినిపిస్తుంది. నాలుగున్నర శాతమే అనుకుంటే ఒక్కో దిశలో ఒకటిన్నర శాతం. పది మిల్లీమీటర్ల ముక్కలో 0.15 మిల్లీమీటర్లు. ఇలాంటి సిరామిక్ విరగకుండా సాగగలిగేది మహా అయితే వెయ్యో వంతు, అంటే 0.01 మిల్లీమీటరు. కావలసిన దానికీ తట్టుకోగలిగిన దానికీ పదిహేను రెట్ల తేడా. ముక్కలో ఒక చోట ముందు, ఒక చోట వెనక మారుతూ పోతుంటే పగలకుండా ఎలా ఉంటుంది? 1450 దాకా కాల్చి చల్లార్చిన మా బిళ్లలు బయటికి తీస్తుంటేనే పెళ్లలుగా రాలిపోయాయి. మైక్రోస్కోప్ కింద పగుళ్లన్నీ వలలాగా అల్లుకుని ఉన్నాయి.

అందుకే 2700 దాటితే గానీ కరగని ఈ పదార్థం శుద్ధంగా ఉన్నప్పుడు కొలిమి ఇటుకగా కూడా పనికిరాదు. కరిగే ఉష్ణోగ్రత ఒక్కటే చూసి వేడికి తట్టుకుంటుంది అనేవాళ్లకు ఈ పెళ్లలు చూపించాలనిపిస్తుంది.

సెప్టెంబర్, యిట్రియా కలిపితే

కాల్షియా, మెగ్నీషియా, యిట్రియా వంటి ఆక్సైడ్లు కలిపితే వేడిరూపాన్ని గది ఉష్ణోగ్రత దాకా దించొచ్చు. ఎనిమిది మోల్ శాతం యిట్రియాతో క్యూబిక్ రూపమే నిలిచిపోతుంది. మూడు శాతంతో వచ్చేది అంతకంటే తమాషా అయినది. రేణువులు అర మైక్రాన్ లోపు సైజులో ఉంటే టెట్రాగోనల్ నిలుస్తుంది, కానీ అంచు మీద నిలుచుంటుంది. పగులు మొన దగ్గరికి రాగానే అక్కడి ఒత్తిడికి చుట్టూ ఉన్న రేణువులు మోనోక్లినిక్‌కు మారి, ఉబ్బి, పగులును నొక్కేస్తాయి. శుద్ధ జిర్కోనియాను ముక్కలు చేసిన ఆ ఉబ్బే ఇక్కడ కాపలా కాస్తుంది. 1975లో గార్వీ, హానింక్, పాస్కో దీన్ని నేచర్ పత్రికలో రాస్తూ సిరామిక్ ఉక్కా అని శీర్షికలోనే ప్రశ్న వేశారు. పంటి క్యాపు నమలడాన్ని తట్టుకుంటోందంటే దీని చలవే.

పళ్ల ల్యాబ్ తునకలను కాల్చి ఎక్స్‌ఆర్‌డీ తీస్తే 30.2 దగ్గర పీక్ ఒక్కటే, శుభ్రంగా. తర్వాత జూనియర్ అలవాటుగా అగేట్ రోలు అందుకున్నాడు. ముక్కను రోట్లో నూరితే ఆ ఒత్తిడికే కొంత మోనోక్లినిక్ అయిపోతుందని ముందే చెప్పి ఆపాను. ఈ పదార్థానికి శాంపిల్ తయారుచేయడమంటేనే శాంపిల్‌ను మార్చడం. ఉన్నదాన్ని ఉన్నట్టు బల్లపరుపు ముక్కగానే చూడాలి.

కావాలని నూరి చూడటం మాత్రం మంచి ప్రయోగమే. ఒక ముక్క పైభాగాన్ని వజ్రపు డిస్కు మీద గరుగ్గా అరగదీశాం. ఇప్పుడు 28.2 దగ్గర చిన్న గుబ్బ. టెట్రాగోనల్ పీక్ కూడా వెడల్పయింది, ఉపరితలంలో బిగువు ఉందని దానర్థం. అదే ముక్కను వేడి మీద చూశాం. గుబ్బ 1170 దాకా ఆగలేదు, అంతకు కొన్ని వందల డిగ్రీల ముందే కరిగిపోయింది. యిట్రియా మార్పు ఉష్ణోగ్రతనే కిందికి లాగేసింది కదా. చల్లార్చాక తిరిగి రాలేదు, ఎందుకంటే దాన్ని పుట్టించిన ఒత్తిడి ఇప్పుడు లేదు. కాల్చిన క్యాపును సరిచేయడానికి అరగదీశాక మళ్లీ వేడి పెట్టాలా వద్దా అన్న పళ్ల టెక్నీషియన్ల వాదనకు ఒక వైపు ఇదే. రెండో వైపు ఏమిటంటే, పైపొరలో ఆ కాస్త మోనోక్లినిక్ ఉబ్బి ఉపరితలాన్ని నొక్కిపెట్టి బలం కూడా ఇస్తుంది. పూర్తిగా చెరిపేస్తే ఆ బలమూ పోతుంది. నేనైతే గరుకు గీతలు లోతుగా ఉంటే వేడి పెట్టడం కంటే ముందు సన్నటి పాలిష్ చేయమంటాను. వేడి పెడితే రూపం మారుతుంది గానీ, అరగదీసినప్పుడు పడ్డ పగులు పూడదు.

అక్టోబర్‌లోకి

మిగిలింది తేమ సంగతి. 1981లో జపాన్‌లో కొబయాషి బృందం ఒక విచిత్రం గమనించింది. వెయ్యి డిగ్రీల్లో చెక్కుచెదరని ఈ యిట్రియా జిర్కోనియా, రెండు మూడు వందల డిగ్రీల దగ్గర తేమ తగిలితే ఉపరితలం నుంచి మెల్లగా మోనోక్లినిక్ అవుతుంది. ఇక్కడ సమయానికీ పాత్ర ఉంది, అందుకే జూలైలో చేసిన ఆపి చూసే ప్రయోగానికి ఇది సరిగ్గా ఎదురు. శరీరంలో పెట్టే జిర్కోనియాకు ఐఎస్ఓ 13356 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఇదే పరీక్ష ఉంది: 134 డిగ్రీల ఆవిరిలో ఐదు గంటలు ఉంచి, తర్వాత మోనోక్లినిక్ ఎంత వచ్చిందో కొలవాలి.

అరగదీసిన ముక్క, అరగదీసి వేడి పెట్టిన ముక్క, ఏమీ చేయని ముక్క, మూడూ సిద్ధంగా ఉన్నాయి. మైక్రోబయాలజీ వాళ్ల ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరి పాత్ర) అడిగితే రోజూ నడిపేది 121 దగ్గరే అన్నారు, 134 సెట్టింగు ఉందిగానీ గాస్కెట్ మార్చాలట. గాస్కెట్‌కు ఇండెంట్ పెట్టాం.